పురానా ఖిలా గోడల నడుమ

గత డిసెంబరులో ఢిల్లీ వెళ్లినప్పుడు ఒక ఉదయమంతా పురానా ఖిలాలోనే గడిపాను. షేర్ షా కట్టించిన మసీదు అందం ఎంతటిదో తెలిసినా, నేను వెళ్లింది దానికోసం కాదు. 1947 సెప్టెంబరులో, దేశవిభజన వేళ నగరంలో చెలరేగిన మారణకాండ నుంచి ప్రాణాలు దక్కించుకొని వేలాది ముస్లిం కుటుంబాలు తలదాచుకున్న నేలను నడిచి చూడాలని వెళ్లాను.

బడా దర్వాజా దాటగానే, మంచు ఇంకా వీడని పచ్చికలో బడిపిల్లలు వరుసగా నడుస్తూ కనిపించారు. ఆ పచ్చిక ఉన్న చోటే డేరాలు చాలక, నీళ్లు చాలక, మరుగుదొడ్లు లేక జనం రోజుల తరబడి ఆరుబయట పడి ఉన్నారు. వారంతా ఎలాగూ పాకిస్తాన్ వెళ్లిపోయేవారే కనుక వారి పోషణ భారం ఆ దేశపు హైకమిషన్‌దేనన్న ధోరణి మొదట్లో మన ప్రభుత్వంలో ఉండేది. అప్పటికి కొన్ని వారాల కిందటి వరకు ఢిల్లీ పౌరులైన వారిని, ఇంకా ఊరు కూడా దాటకముందే, పరాయివారిగా లెక్కగట్టారన్న మాట. శిబిరాన్ని మన ప్రభుత్వం తన చేతుల్లోకి తీసుకున్నది ఆ తర్వాతే. రెడ్‌క్రాస్ ఉద్యమం 1965లో వియన్నాలో ఆమోదించిన ఏడు మూలసూత్రాలలో నిష్పాక్షికత ఒకటి: జాతి, మతం చూడకుండా, బాధ తీవ్రతను బట్టే సాయం అందాలి. ఆ మాట ఎంత అవసరమో నాకు ఈ కోటలోనే బోధపడింది.

అయితే ఆ సూత్రం కాగితం మీదికి రాకముందే దానిని పాటించినవారు ఉన్నారు. ముస్సోరీలో భర్త షఫీ అహ్మద్ కిద్వాయ్‌ని అల్లరిమూకలు చంపగా, ఆ దుఃఖంతోనే గాంధీజీ దగ్గరికి వచ్చిన అనీస్ కిద్వాయ్ ఆయన సలహా మీద ఈ శిబిరంలోనూ, హుమాయూన్ సమాధి శిబిరంలోనూ సేవ చేశారు. సరిహద్దుకు అవతల, వాహ్ శిబిరంలో చిక్కుకున్న హిందూ, సిక్కు కాందిశీకుల కోసం తన వైద్యురాలు డాక్టర్ సుశీలా నయ్యర్‌ను గాంధీజీ అక్కడే ఉంచి వచ్చారు. అనీస్ గారి నిబ్బరాన్ని తలుచుకుంటూ మసీదు మెట్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

మధ్యాహ్నం హుమాయూన్ సమాధి తోటలో తిరిగి, రాత్రికి హైదరాబాద్ రైలు కోసం నిజాముద్దీన్ స్టేషన్‌కు చేరాను. ఆనాడు శరణార్థులను లాహోర్ వైపు తీసుకువెళ్లిన ప్రత్యేక రైళ్లు ఇక్కడి నుంచే కదిలాయి. నా చేతిలో తిరుగు టికెట్ ఉంది.