అతుకు చక్రాల జాన్ డీర్

డెమోయిన్‌లో మా ఇంటికొచ్చిన నెలలోపే నాన్నకి చూడాల్సినవన్నీ అయిపోయాయి. గుడి, కాస్ట్‌కో, అయోవా క్యాపిటల్ బంగారు గోపురం, ఒక వీకెండ్ షికాగో. అన్నిటికీ ఒకే మాట, "బాగుంది". చూపు మాత్రం కారు కిటికీలోంచి మొక్కజొన్న చేల మీదే. పల్నాడులో మిరప, పత్తి, సాగర్ కాలవ కింద కాస్త వరి చేసిన మనిషి. "ఇంత పొలంలో ఒక్క మనిషన్నా కనపడడేంట్రా?" అని దారి పొడుగునా అదే ప్రశ్న.

ఆఫీసులో ఈ సంగతి చెబితే ఒక కొలీగ్ లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం సెలవు) వీకెండ్‌కి వాళ్ల ఊరు రమ్మన్నాడు. అయోవాలోనే వాషింగ్టన్ అని ఒక కౌంటీ ఉంది, వాళ్ల నాన్న పొలం అక్కడ. తాత కొన్న ట్రాక్టర్ని తన కూతురు బాగుచేసిందట. ఆదివారం దాన్ని మౌంట్ ప్లెజెంట్‌లో ఓల్డ్ థ్రెషర్స్ రీయూనియన్ అనే పాత వ్యవసాయ యంత్రాల జాతరకి తీసుకెళ్తున్నారట. ట్రాక్టర్ అనగానే నాన్న బ్యాగు సర్దేశాడు.

చుట్టుదారే అయినా ముందు వాటర్లూ వెళ్లాం. సీడర్ నది ఒడ్డున జాన్ డీర్ వాళ్ల ట్రాక్టర్ మ్యూజియం ఉంది, టికెట్ లేదు. ఈ రాష్ట్రంలోనే, ఫ్రోలిక్ అనే చిన్న ఊళ్లో, 1892లో జాన్ ఫ్రోలిక్ అనే ఆయన పెట్రోలుతో ముందుకీ వెనక్కీ నడిచే బండి తయారుచేశాడు. ఆ దారిలో పుట్టిన కంపెనీయే వాటర్లూ బాయ్ ట్రాక్టర్లు చేసింది. దాన్ని 1918లో జాన్ డీర్ కంపెనీ కొనేసింది. అప్పటిదాకా వాళ్లది నాగళ్ల వ్యాపారం. అసలు జాన్ డీర్ అనే మనిషి కమ్మరి, 1837లో ఉక్కు నాగలి చేసి పేరు తెచ్చుకున్నాడు. "కమ్మరా!" అని నాన్న గోడ మీదున్న ఆ గడ్డపాయన బొమ్మని మళ్లీ ఒకసారి చూశాడు. మన వైపు పచ్చటి జాన్ డీర్ బండ్లు పుణె దగ్గర ఫ్యాక్టరీ నుంచి వస్తాయి కాబట్టి ఆయన లెక్కలో అది పుణె కంపెనీ.

మ్యూజియం బాగా పెట్టారు గానీ అద్దంలా మెరిసే బండ్లని తాళ్లు కట్టి చూపిస్తే నాకు అంతగా ఎక్కదు. 1960 సంగతి ఒక్కటే నచ్చింది. నలభై ఏళ్లకు పైగా రెండు సిలిండర్ల ఇంజన్లనే నమ్ముకున్న కంపెనీ, ఆ ఏడాది ఆగస్టు 30న డాలస్‌లో డీలర్లందర్నీ పోగేసి నాలుగు, ఆరు సిలిండర్ల కొత్త బండ్లు చూపించింది. అందులో ఒకదాన్ని నీమన్ మార్కస్ షాపులో నగల కౌంటర్ పక్కన వజ్రాలతో అలంకరించి పెట్టారట. "మన ఆయుధపూజకి నిమ్మకాయ కట్టినట్టు" అన్నాడు నాన్న.

వాటర్లూ నుంచి 380 హైవే, అయోవా సిటీ దాటాక 218 పట్టుకుని దక్షిణంగా దిగితే వాషింగ్టన్ కౌంటీ. సెప్టెంబర్ మొదట్లో మొక్కజొన్న కింది ఆకులు ఎండుతున్నాయి, సోయా అక్కడక్కడా పసుపు తిరిగింది. ఇంటి ముందు కంకర దారి, ఎర్ర కొట్టం, దాని తలుపులు బార్లా తెరిచి మధ్యలో ట్రాక్టరు. జాన్ డీర్ మోడల్ బి, 1944 బండి. చూడగానే నాకు నిరాశ కలిగింది. రంగు వేయలేదు. హుడ్ మీద పచ్చదనం సగం పోయి, సీటు పక్కన, క్లచ్ లివర్ దగ్గర చెయ్యి ఆనిన చోటల్లా ఇనుము నున్నగా తేలింది.

నాన్నకి ముందు చక్రాల మీద అనుమానమొచ్చింది. ముందు రెండు చక్రాలూ ముడ్డికి ముడ్డి ఆనినట్టు దగ్గరగా ఉంటాయి. "మన దమ్ము చేలో దింపితే ఇది బోల్తా కొట్టదా?" అని అడగమన్నాడు. నేను ఇంగ్లిష్‌లో చెప్పేలోపే ఆయనే బండి కిందికి వంగి చూసి లేచాడు. "ఓహో. ఇది అంతర సేద్యానికి చేసింది రా. ముందు చక్రాలు రెండు సాళ్ల మధ్యలో పోతాయి, వెనక చక్రాలు ఆ రెండు సాళ్లకీ బయట. బండి ఎత్తుగా ఉంది, మొక్క విరగదు." పెద్దాయన, అంటే మా కొలీగ్ నాన్న, అది విని తలూపారు. ఆ రోజుల్లో మొక్కజొన్న సాళ్ల మధ్య 40 అంగుళాలు వదిలేవాళ్లట. గుర్రం పట్టాలి కదా మరి. వెనక చక్రాల మధ్య దూరాన్ని దానికి తగ్గట్టు జరుపుకోవచ్చు. మనం మిరపలో ఎడ్లతో గుంటక తోలిన పనే ఇది చేసింది.

తర్వాత స్టార్ట్ చేయడం. సెల్ఫ్ లేదు, బ్యాటరీ లేదు. ఎడమ పక్కన పెద్ద ఫ్లైవీల్ బయటికే ఉంటుంది, దాన్ని చేత్తో తిప్పాలి. బండి బాగుచేసిన కొలీగ్ కూతురికి పదహారేళ్లుంటాయి. సిలిండర్లకున్న రెండు చిన్న కుళాయిలు తెరిచింది. కంప్రెషన్ కొంత బయటికి పోతే చక్రం తేలిగ్గా తిరుగుతుంది. నాన్న నా భుజం తట్టాడు: "డీకంప్రెషన్ లివరే కదా." మా బావి మీద ఆయిల్ ఇంజనుకీ అదే పద్ధతి, లివరెత్తి హ్యాండిల్ తిప్పి, ఊపందుకున్నాక లివర్ వదిలేయాలి. అమ్మాయి ఫ్లైవీల్ని ఒక ఊపు ఊపింది. కుళాయిల్లోంచి పొగ చిమ్మింది. రెండో ఊపుకి అందుకుంది. కుళాయిలు మూసేసింది.

ఆ శబ్దం గురించి కాస్త చెప్పాలి. పట్-పట్ అని రెండు దెబ్బలు వెంటవెంటనే, తర్వాత చిన్న ఖాళీ, మళ్లీ రెండు దెబ్బలు. రెండు పిస్టన్లూ ఎదురెదురు దశల్లో ఉంటాయి, ఒకటి ముందుకొస్తే ఇంకోటి వెనక్కి. దాంతో ఒకటి పేలాక అర చుట్టుకే రెండోది పేలుతుంది, ఆ తర్వాత చుట్టున్నర దాకా ఏమీ ఉండదు. ఇక్కడివాళ్లు ముద్దుగా జానీ పాపర్ అంటారు. నాన్న గడియారం మర్చిపోయి దాని పక్కనే నిలబడ్డాడు. వాటర్ పంపు లేదని తెలిశాక రేడియేటర్ పైగొట్టం ఒకసారి, కిందిగొట్టం ఒకసారి తాకి చూశాడు. వేడెక్కిన నీళ్లు వాటంతటవే పైకెక్కుతాయి, చల్లబడినవి కిందికి దిగుతాయి, అంతే. పెట్రోలుతో స్టార్ట్ చేసి, వేడెక్కాక చవక నూనెకి మార్చుకునేందుకు రెండు ట్యాంకులున్నాయి. ఆ నూనె ఇప్పుడు దొరకదు కాబట్టి మొత్తం పెట్రోలే.

బాగుచేసిన కథ అమ్మాయే చెప్పింది. ఇంజను బిగిసిపోయి ఉండేదట. సిలిండర్లలో అసిటోను, ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కలిపి పోసి వారాల తరబడి వదిలేశారు. రోజూ స్కూలు నుంచొచ్చి ఫ్లైవీల్ని కదిపి చూడ్డం, కదలకపోతే పోయి హోంవర్క్ చేసుకోవడం. తుప్పు పట్టిన చిన్న సామాన్లని ప్లాస్టిక్ తొట్టిలో బట్టల సోడా నీళ్లలో ముంచి, బ్యాటరీ చార్జర్ నెగెటివ్ వైరు సామానుకీ, పాజిటివ్ వైరు ఒక పాత ఇనప ముక్కకీ తగిలించింది. తుప్పు వదిలిపోతుంది, ఇనుము అరగదు. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు మాత్రం పెట్టకూడదట, విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. స్పార్క్ ఇచ్చే మాగ్నెటోకి ఒకచోట తీగ చుట్టించారు, హెడ్ గ్యాస్కెట్, కార్బురేటర్ కిట్ కొత్తవి పోస్టులో వచ్చాయి. ఎనభై ఏళ్ల బండికి కొత్త గ్యాస్కెట్ ఇంటికొస్తుందంటే నేను ఆశ్చర్యపోయాను. నాన్న పోలేదు. "మన బెజవాడ ఆటోనగర్లో అయితే అసలు లేని పార్టుని లేత్ మీద చేసిస్తారు, చెప్పు వాళ్లకి." చెప్పాను.

అసలు గొడవ వెనక చక్రాల దగ్గర ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో మలయా వైపు తోటలు జపాను చేతిలో పడ్డాక అమెరికాకి రబ్బరు కరువొచ్చింది. టైర్లు లేక చాలా ట్రాక్టర్లని ఇనప చక్రాలతోనే అమ్మారు. ఈ బండి అలాగే వచ్చింది. యుద్ధం అయ్యాక టైర్లు దొరకగానే అమ్మాయి ముత్తాత దీన్ని ఊరి కమ్మరి దగ్గరికి తీసుకెళ్లి ఇనప చక్రాల చువ్వలు మధ్యకి కోయించి, వాటి చివర్లకి టైరు రిమ్ములు వెల్డింగ్ పెట్టించాడు. అప్పట్లో చాలామంది ఇలాగే చేయించుకున్నారు. ప్రతి చువ్వ చివరా ఒక గడ్డ. చూడ్డానికి అందంగా ఏమీ ఉండదు.

పాత ట్రాక్టర్లు పోగేసే ఒకాయన వచ్చి, ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలా చేయాలంటే ఇనప చక్రాలే ఉండాలి, తన దగ్గర ఒక జత ఉంది, తీసుకోండి అన్నాడట. పెద్దాయనకి ఆశ పుట్టింది. కొలీగేమో కనీసం రంగు వేయిద్దామన్నాడు. అమ్మాయి రెండింటికీ ఒప్పుకోలేదు. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున అది మన బండి కాదు కదా, ముత్తాత కోయించాకే మన బండి అయింది అని దాని వాదన. నాకు ఆ మాట నచ్చింది. పాతదాన్ని తిరిగి నిలబెట్టడం అంటే ఏ తేదీకి తీసుకెళ్లాలో ముందు తేల్చుకోవాలి. ఫ్యాక్టరీ తేదీ అందరికీ ఒకటే, ఈ మోడల్ బి మూడు లక్షలకు పైగా చేశారు మరి.

నాన్న మాత్రం రంగు పార్టీ. "తుప్పుకి సెంటిమెంటు ఉండదమ్మా" అని తెలుగులోనే చెప్పేశాడు అమ్మాయికి. నేను అనువదిస్తే నవ్వి, లిన్సీడ్ నూనె పూస్తున్నానని డబ్బా చూపించింది. లిన్సీడ్ అంటే అవిసె గింజల నూనేరా అని నాన్న నాకు చెప్పాడు, నాకు తెలియదనుకుని.

మాటల్లో ఆయన ఒక చిన్న స్పానరు తీసుకుని చక్రం చువ్వల మీద వరసగా తడుతున్నాడు. టంగు టంగుమని మోగుతూ వస్తున్నవి ఒక చువ్వ దగ్గర బొంగురుపోయాయి. మళ్లీ కొట్టాడు. పెద్దాయన వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నారు. వైరు బ్రష్‌తో రుద్ది చూస్తే అతుకు అంచున వెంట్రుకంత పగులు. అమ్మాయి మొహం మాడిపోయింది. ముత్తాత చేయించిన అతుకు ముట్టుకోనని అంతసేపూ వాదించింది మరి. "రేపు జనం మధ్యలో నడిపే బండి" అని ఊరుకున్నాడు నాన్న. ఇద్దరు ముసలాళ్లూ ఒకే పక్షమయ్యాక ఇంక వాదన లేదు.

వెల్డింగ్ తనే చేసింది. స్కూల్లో వ్యవసాయం క్లాసులో నేర్పుతారట. అక్కడి వ్యవసాయ విద్యార్థుల సంఘం ఎఫ్.ఎఫ్.ఎ.లో పిల్లలు పాత ట్రాక్టర్లు బాగుచేయడం మామూలే. పగులుని గ్రైండర్‌తో విప్పి శుభ్రం చేసి, కొంచెం కొంచెంగా వేసుకుంటూ వచ్చింది. నాన్న పక్కన కూర్చుని, "ఆగమను, చల్లారనివ్వమను, రిమ్ము వంకరపోతుంది" అంటూనే ఉన్నాడు. నేను చెప్పేలోపే అది ఆగేది. చివర్లో దాన్ని గ్రైండింగ్ చేసి నున్నగా చేస్తానంటే, పాత గడ్డల మధ్య ఇదొక్కటే నున్నగా ఎందుకు, వదిలేయమన్నాడు. ఈసారి అమ్మాయి ఒప్పుకుంది.

ఆ కుటుంబం గొప్పగా దాచుకుని ఈ బండి మిగల్లేదు. 1980ల్లో అయోవా రైతులు అప్పుల్లో మునిగి, భూముల ధరలు పడిపోయి, ఊరూరా వేలంపాటలు జరిగాయి. వీళ్లూ చాలా సామాను అమ్ముకున్నారు. దీన్ని ఎవరూ అడగలేదు గనక కొట్టంలో ఉండిపోయింది. రాత్రి భోజనాల దగ్గర పెద్దాయన ఇది చెబుతుంటే నాన్న, మా మాస్సీ 1035 ట్రాక్టర్ని ఇటుక బట్టీకి అమ్మిన సంగతి చెప్పాడు. మంచి ధరే వచ్చిందట. బాధగా ఏమీ చెప్పలేదు.

ఆదివారం మౌంట్ ప్లెజెంట్. 1950 నుంచి జరుగుతోంది ఈ రీయూనియన్. లేబర్ డేతో ముగిసే ఐదు రోజులూ ఆ చిన్న ఊళ్లో కారు పెట్టడానికి చోటుండదు. మెక్‌మిలన్ పార్క్ నిండా వందల ట్రాక్టర్లు, ఆవిరి ఇంజన్లు, చుట్టూ తిరిగే చిన్న పొగబండి. చర్చి వాళ్ల భోజనాల స్టాల్లో మొక్కజొన్న కండె, ఆపిల్ పై తిన్నాం. ఎండ మన మార్చి ఎండలా ఉంది, టోపీ తప్పనిసరి.

ఊరేగింపులో మన బి వచ్చేసరికి మైకులో సంవత్సరం, మోడల్, కుటుంబం పేరు చదివారు. పక్కనున్నాయన "చక్రాలు తప్పు" అని భార్యతో అనడం వినిపించింది. నాన్నకి చెప్పలేదు, పోట్లాడేవాడు. మెరిసే బండ్లు వరసగా పోతుంటే నాకు కాసేపటికి షోరూంలో ఉన్నట్టనిపించింది. తేడాలు కనపడింది పాత రంగు బండ్లలోనే.

నాన్న అప్పటికే నూర్పిడి దగ్గరికి వెళ్లిపోయాడు. ఆవిరి ఇంజను నుంచి పొడుగాటి బెల్టు, బెల్టు చివర థ్రెషర్. మనుషులు కట్టలు అందిస్తుంటే గింజ ఒక పక్క, గడ్డి గొట్టంలోంచి ఎగిరి ఇంకో పక్క వాము పడుతోంది. "తూర్పారపట్టే పని కూడా లేదు చూడు" అని, కింద పడ్డ గింజలు తీసి నోట్లో వేసుకుని నమిలాడు. నాలుగింటికి బయల్దేరదామంటే, సోమవారం కూడా ఉంది కదా అన్నాడు. ఆ ఊళ్లో రూము దొరకలేదు. అయోవా సిటీ దాకా వెనక్కి వచ్చి పడుకుని, పొద్దున్నే మళ్లీ వెళ్లాం.