నాఫ్‌సిల్లిన్ ఎక్కించేటప్పుడు

స్టాఫ్ ఆరియస్ అనే బాక్టీరియా పెనిసిలినేజ్ ఎంజైమ్‌తో మామూలు పెనిసిలిన్‌ను విరగ్గొడుతుంది. పెనిసిలిన్ జాతి యాంటీబయాటిక్కే అయినా నాఫ్‌సిల్లిన్ దానికి లొంగదు. ఎమ్మార్‌ఎస్‌ఏ (మెథిసిలిన్ జాతి మందులకు లొంగని స్టాఫ్ ఆరియస్) మీద మాత్రం ఇదీ దండగే: మందు అతుక్కోవాల్సిన ప్రొటీనే అక్కడ మారిపోయి ఉంటుంది. కాబట్టి కల్చర్ రిపోర్టు (ఏ క్రిమి, ఏ మందుకు లొంగుతుందో చెప్పే పరీక్ష ఫలితం) రానిదే దీన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు. పెనిసిలిన్ అలర్జీ సంగతీ ముందే అడగాలి.

పెద్దలకు, ఇన్‌ఫెక్షన్ తీవ్రమైతే, 4 గంటలకోసారి 2 గ్రాములు సిరలోకి, 30 నుంచి 60 నిమిషాల పాటు. లివర్ బాగుంటే, కిడ్నీలు దెబ్బతిన్నా మోతాదు తగ్గించక్కర్లేదు.

అసలు చిక్కు సూది గుచ్చిన చోటే. మందు సిర బయటికి కారితే కణజాలం చచ్చిపోవచ్చు. మంట, వాపు కనిపిస్తే వెంటనే ఆపాలి. పొటాషియం, తెల్లకణాలు పడిపోవచ్చు, వారం వారం రక్తపరీక్ష తప్పదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారిలో ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే కొలత) తగ్గుతుంది. నాఫ్‌సిల్లిన్ ఆపాక మెల్లగా మళ్లీ పెరుగుతుంది, మరిచిపోయేది ఇదే.