చెన్నై వచ్చే బంధువులకు గది ఎక్కడ?

వేసవి సెలవులు మొదలయ్యేసరికి నెల్లూరు, గుంటూరు వైపు చుట్టాలు మమ్మల్ని ముందుగా అడిగేది గది ఎక్కడ తీసుకోవాలనే. విజయవాడ మీదుగా వచ్చే రైళ్ళు ఎక్కువగా సెంట్రల్‌కే చేరతాయి కనుక స్టేషను ఎదుటే దిగుదామనుకునేవారు చాలామంది. ఒక రాత్రి ఉండి వెళ్ళిపోయేవారికి అది చాలు గానీ, పిల్లలతో, పెద్దవాళ్ళతో నాలుగు రోజులు ఉండదలచినవారికి నేను ఆ సలహా ఇవ్వను.

పేట ఏదైనా నేను ముందు ఆలోచించేది మధ్యాహ్నం సంగతి. ఇక్కడ పన్నెండు దాటితే ఎండా ఉక్కా కలిసి మనిషిని నిలవనీయవు. గుళ్ళు కూడా మూసి, మళ్ళీ నాలుగింటి ప్రాంతంలో తెరుస్తారు. ఆ వేళకు గదికి నడిచి చేరుకుని, భోంచేసి, కాసేపు నడుం వాల్చగలిగితేనే సాయంత్రం మెరీనాకు వెళ్ళే ఓపిక మిగులుతుంది.

అందుకే నా ఓటు మైలాపూరుకు. కపాలీశ్వరాలయం మాడ వీధులకు దగ్గరలో గది దొరికితే అత్తయ్యగారు పొద్దున్నే దర్శనం చేసుకుని, కోనేటి గట్టు పక్కగా నడిచి, పూలబుట్టల దగ్గర మూర మల్లెలు బేరమాడి, టిఫిన్ చేసి, ఎండ ముదరకముందే వెనక్కి వచ్చేస్తారు. ఆటోతో పని లేదు. ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహారదీక్ష చేసి పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న కన్నుమూసిన ఇల్లు కూడా ఈ పేటలోనే, రాయపేట హై రోడ్డు మీద స్మారక భవనంగా ఉంది. మన పిల్లలకు చూపించి తీరవలసిన చోటు అది. అయితే లజ్ కూడలి చుట్టూ మెట్రో రెండో దశ పనుల వల్ల దారులు మళ్ళిస్తుంటారు. డిసెంబరులో సంగీత సభల కచేరీలు, తమిళుల పంగుని నెలలో (మార్చి-ఏప్రిల్) అరవైమూడు నాయనార్ల, అంటే శివభక్తుల, ఉత్సవం జరిగేటప్పుడు గదులు దొరకడం కష్టం, కాబట్టి ముందే మాట్లాడుకోవాలి.

పెళ్ళి బట్టలు, నగల కోసం వచ్చేవారి లెక్క వేరు, వారికి టి. నగరే నయం. పిట్టి త్యాగరాయ చెట్టి పేరు పెట్టుకున్న ఈ పేటలో పానగల్ రాజావారి పేర పార్కు ఉంది, దుకాణాల్లో తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు చెప్పేవారూ ఉంటారు. కానీ రంగనాథన్ వీధి అంచున మాత్రం గది వద్దు. మాంబళం స్టేషనులో దిగిన జనమంతా ఆ ఇరుకు వీధిలోకే వస్తారు. 2023లో బస్ టెర్మినస్ దాకా 570 మీటర్ల ఆకాశవంతెన కట్టినా, బజారు పని ఉన్నవారు కిందనే నడుస్తారు కదా. తిరుమల తిరుపతి దేవస్థానం వారి గుడి ఉన్న వెంకటనారాయణ రోడ్డు వైపు చూసుకుంటే కాస్త ఊపిరాడుతుంది.

ఏ పేటలోనైనా ఫోన్లో రెండు మాటలు అడగండి: లిఫ్టు ఉందా, గది లెక్క ఇరవై నాలుగు గంటలకా, లేక మధ్యాహ్నం పన్నెండు నుంచి పన్నెండుకా? రాత్రి రైలెక్కి తెల్లవారుజామున దిగే మనకు రెండోదైతే, పెట్టెలు ముందు పెట్టుకుని కింద హాల్లో కూర్చోవడమో, అదనంగా ఒక రోజు అద్దె కట్టడమో తప్పదు.