రిపోర్టెడ్ స్పీచ్‌లో ఆ 'బి'ని కదపకండి

ఒకరు అన్నదాన్ని మన మాటల్లో తిరిగి చెప్పడమే రిపోర్టెడ్ స్పీచ్. అందులో దిద్దే కాగితాల్లో తరచూ కనబడే తప్పు 'షి సెడ్ ద లెటర్ వుడ్ వజ్ సెంట్'. కాలం మార్చాలన్న తొందరలో 'బి'ని కూడా మార్చేస్తారు. మారేది మోడల్ (విల్, క్యాన్ లాంటి సహాయక క్రియ) ఒక్కటే: 'విల్ బి సెంట్' కాస్తా 'వుడ్ బి సెంట్' అవుతుంది. మోడల్ వెంట వచ్చే క్రియ ఎప్పుడూ మూలరూపమే. క్యాన్ కుడ్ అవుతుంది, మే మైట్ అవుతుంది, షుడ్ అలాగే ఉంటుంది.

అసలు జాగ్రత్త మస్ట్ దగ్గర. 'మస్ట్ బి సైన్డ్' అని నియమం చెబుతుంటే 'హ్యాడ్ టు బి సైన్డ్' అనొచ్చు, మస్ట్ ఉంచినా తప్పు కాదు. కానీ 'ద డోర్ మస్ట్ బి లాక్డ్' అన్నది తలుపుకు తాళం వేసే ఉంటుందన్న ఊహ అయితే మస్ట్‌నే ఉంచాలి. 'హ్యాడ్ టు' పెడితే తాళం వేయాల్సిందే అన్న ఆజ్ఞగా చదువుకునే ప్రమాదం ఉంది. 'షుడ్ హ్యావ్ బీన్ సెంట్' లాంటివాటిని ముట్టుకోనే అక్కర్లేదు.