పాలెగాడి భార్య ఫొటో

తిరుపతిలో పుట్టినవాడికి కాన్సెప్ట్ ఫొటోగ్రఫీ (ఒక థీమ్ పట్టుకుని వేషం, రంగు, వెలుతురుతో కథ చెప్పే ఫొటోలు) అంటే ఏంటో ఎవరూ క్లాసు పీకక్కర్లేదని నా అభిప్రాయం. మే నెలలో గంగమ్మ తల్లికి చేసే గంగజాతర వచ్చిందంటే ఊరు ఊరంతా చేసేది అదే కదా. నామకొమ్ము (తెల్ల సుద్ద) పూసుకుని బైరాగి వేషం, ఒంటినిండా కుంకుమతో బండ వేషం, బొగ్గు పూసుకుని తోటి వేషం, తర్వాత దొర, మాతంగి... నిన్నటిదాకా కౌంటర్ వెనక కూర్చుని మనల్ని విసుక్కున్న మగమనిషే చీర కట్టి, జడకి పూలు పెట్టి, గాజులేసుకుని ఎదురుగా నడిచొస్తుంటే మనకి నవ్వు రాదు, రెండు చేతులూ వాటంతటవే పైకి లేస్తాయి. థీమ్, రంగు, కథ, భావం అన్నీ అందులోనే ఉన్నాయి.

కథ మనవాళ్లందరికీ తెలిసిందే, తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తా. ఆడవాళ్లని చెరిచే ఒక పాలెగాడు (ఆ ప్రాంతాన్ని ఏలే చిన్న దొర), వాణ్ని అంతం చెయ్యడానికి పుట్టిన గంగమ్మ. వాడు భయపడి దాక్కుంటే అమ్మవారు రోజుకో వేషంలో వెతుకుతుంది, దొర వేషం చూసి నిజంగానే ఎవరో దొర వచ్చాడనుకుని వాడు బయటికొస్తే నరికేస్తుంది. జాతర ఫొటోలు తీసే మనందరం ఇక్కడే ఆగిపోతాం. నాలుక, కత్తి, ఎర్రటి కళ్లు, కింద నుంచి వైడ్ యాంగిల్, ఎడిటింగ్‌లో ఆ ఎరుపుని ఇంకాస్త లాగడం. ఏ ఫోన్ తెరిచినా అదే ఫొటో.

నన్ను పట్టుకుంది ఆ తర్వాత వచ్చే మాతంగి వేషం. పాలెగాణ్ని చంపిన అమ్మవారే మాతంగిగా మారి, వాడి పెళ్లాన్ని ఓదార్చడానికి వెళ్తుంది. ఒక్కసారి ఆలోచించండి, మొగుడు దుర్మార్గుడని ఆమెకీ తెలుసు, ఊరంతా పీడ వదిలిందని పండగ చేసుకుంటోంది, ఆమె దుఃఖంలో పాలు పంచుకోవడానికి వచ్చిన ఒకే ఒక్క మనిషి ఆ దుఃఖానికి కారణమైన మనిషే. ఇంతకంటే చిక్కు భావం ఏ కథలో దొరుకుతుంది? థీమ్ ఫొటో తియ్యాలంటే నేను కథ మొత్తం పక్కన పెట్టి ఇలాంటి మలుపు ఒక్కటి వెతుక్కుంటా. అది దొరికాకే బట్టలూ లైట్లూ.

పాలెగాడి భార్యగా మా మేనత్తని కూర్చోబెట్టా. మోడల్‌ని పెట్టుకోవచ్చుగా అన్నారు స్నేహితులు. కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్ 1870ల్లో ఇంగ్లండులో ఇంట్లోవాళ్లకీ, పనిమనుషులకీ, పక్కవాళ్లకీ దుప్పట్లు చుట్టి ఆర్థర్ రాజు కథల్ని ఫొటోలు తీసింది, ఆవిడకి లేని మోడల్ నాకెందుకు అన్నా. (అసలు సంగతి బడ్జెట్ అనుకోండి.)

నా మనసులో ఉన్న ఫ్రేమ్ వేరు. అత్త కెమెరా వైపు చూస్తూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవాలి, చెంప మీద ఒక చుక్క మెరవాలి. చెప్పగానే అత్త నన్ను ఎగాదిగా చూసింది. "ఊరంతా సంతోషపడతా ఉంటే ఆ యమ్మ అందరికీ కనపడేలా కూర్చుని ఏడుస్తాదంట్రా? గోడ పక్కకి తిరుక్కుంటాది" అని నేను ఏం అనేలోపే తిరిగి కూర్చుంది. వీపు మాత్రం కనిపిస్తోంది. జాకెట్ మెడ దగ్గర ఊడొచ్చిన ముడి, వెంట్రుకలు కొన్ని చెమటకి అంటుకుని, కొంగు భుజం మీంచి జారి నేల మీద పడి ఉంది, సర్దుకోలేదు. దొంగ కన్నీళ్ల కోసం తెచ్చిన గ్లిజరిన్ సీసా మూత కూడా తియ్యకుండా సంచిలోనే ఉండిపోయింది.

అమ్మవారిని ఎలా చూపించాలన్నది అసలు టెన్షన్. జాతరలో ఆ వేషాలు కట్టేది కైకాల కుటుంబం వాళ్లు, అది తరతరాలుగా వాళ్లకి వస్తున్న బాధ్యత, ఫొటో కోసం కిరీటం అద్దెకి తెచ్చి ఎవరి నెత్తినో పెట్టడం నాకు నచ్చదు. జాతర వీధుల్లో మొక్కు తీర్చుకునేవాళ్ల ముఖం మీద ఫ్లాష్ కొట్టడం అంతకన్నా నచ్చదు. అందుకని చెయ్యి ఒక్కటే చాలనుకున్నా. అత్త వీపు మీద ఆనిన చెయ్యి. ఏటా మొక్కుకుని వేషమేసే పక్కింటి కుర్రాడి చెయ్యి అది, మణికట్టుకి నిండుగా గాజులు, గోళ్ల సందుల్లో పసుపు, గాజుల కింద నుంచి మోచేతి దాకా ఉబ్బిన మగవాడి నరాలు. మన ఊరివాళ్లు ఎవరు చూసినా ఆ చెయ్యి ఎక్కడిదో చెప్పేస్తారు. ఫోకస్ అక్కడ పెట్టి 50 ఎంఎం లెన్స్‌తో తీశా, గోడ అంతా మెత్తగా కరిగిపోయింది.

లైటు కొనలేదు. పైకప్పులో చిన్న అద్దం బిగించిన పాత మిద్దె ఇల్లు అది, మధ్యాహ్నం ఆ అద్దంలోంచి వెలుతురు తిన్నగా కిందికి దిగుతుంది. నీడ పడే వైపు ఒక తెల్ల పంచె కట్టా, నలుపు మరీ గట్టిగా రాకుండా. అంతే.

రంగుల విషయంలో మాత్రం నాకు గురువులు శ్రీకాళహస్తి కలంకారీవాళ్లు. గుడ్డని కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు, రంగు పాకకుండా. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో ఊరబెట్టి నలుపు తీస్తారు, వెదురు కలంతో ముందు ఆ నల్ల గీతలే గీస్తారు. తర్వాత పటిక పట్టించి ఎరుపు, ఆపైన పసుపు, నీలం. రామాయణం మొత్తం చెప్పినా రంగులు ఆ నాలుగైదే, అందుకే కంటికి హాయిగా ఉంటుంది. మనమేమో ఒక్క ఫ్రేములో పట్టుచీర, ప్లాస్టిక్ పూలు, పొగ, నీలం లైటు, నారింజ లైటు అన్నీ కుక్కుతాం. నేను నలుపు కాకుండా రెండు రంగులని నియమం పెట్టుకున్నా. ఈ ఫొటోలో పసుపు, మట్టి ఎరుపు. గాజులు కూడా అందుకే ఎర్రమట్టి రంగువి వెతికి పట్టుకొచ్చా, ఆకుపచ్చవైతే కళ్లు ముందు వాటి మీదికే పోతాయి.

ఇక తిరుపతి పక్కనున్న చంద్రగిరి కోట. ప్రీవెడ్డింగ్ వాళ్లకి ఆ కోట అంటే అద్దె కిరీటం, అట్ట కత్తి, మీసం మెలేసిన పెళ్లికొడుకు. చరిత్ర చూస్తే అక్కడున్న భావమే వేరు. 1565లో తళ్లికోట దగ్గర ఓడాక విజయనగర రాజులు హంపి వదిలి పెనుకొండకి, అక్కణ్నుంచి చంద్రగిరికి వచ్చారు. అంటే అది అంతా పోగొట్టుకుంటూ వచ్చినవాళ్ల ఇల్లు. 1639లో మద్రాసులో కోట కట్టుకోమని ఇంగ్లీషు కంపెనీకి స్థలం రాసిచ్చిన దామెర్ల నాయకులు కూడా ఈ రాజుల కిందివాళ్లే. రాజమహల్ ఒంపు తలుపుల మధ్య, ఒక కాగితం ముందు పెట్టుకుని కూర్చున్న ముసలి రాజు... నా తర్వాతి ఫొటో అదే. కిరీటం ఉండదు, బోడి తల, భుజం మీద ఒక శాలువా, కాగితం మీద మాత్రం వెలుతురు పడాలి.

కోట పురావస్తు శాఖ కింద ఉంది కాబట్టి ట్రైపాడ్, లైట్లు తీసుకెళ్లాలంటే ముందు అనుమతి కావాలి, దానికి అర్జీ పెట్టే పనిలో ఉన్నా. గదిలోనే సెట్ వేసుకోవచ్చుగా అంటారు, కానీ ఆ సున్నపు గోడల మరకలు ఏ సెట్‌లోనూ రావు. మనిషి ఇంకా దొరకలేదు. తిరుపతి చుట్టుపక్కల అరవై దాటిన పెద్దాయన, చేతులు కాస్త వణికినా పర్లేదు, ఎవరైనా ఉంటే చెప్పండి. కెమెరా చూడగానే మీసం మెలేసే రకమైతే మాత్రం వద్దు.