ఇక్కత్ ఆర్డర్

“మేడమ్, ప్రింట్ చీరలే పంపండి, పోచంపల్లి అని ట్యాగ్ వేయండి చాలు. తేడా ఎవరికి తెలుస్తుంది?” అన్నారాయన ఫోన్‌లో.

దసరాకు ఆఫీసు స్టాఫ్‌కి ఇవ్వడానికి రెండు వందల చీరలు. ఆ ఒక్క ఆర్డర్‌తో కూకట్‌పల్లిలో రెండో షాపుకి అడ్వాన్స్ కట్టేయొచ్చు.

చీర తిరగేస్తే తేడా తెలిసిపోతుంది. పోచంపల్లి ఇక్కత్‌లో నేయకముందే నూలుకి చిటికీలు, అంటే రంగు అంటకుండా అక్కడక్కడా గట్టి కట్లు, కట్టి రంగులు అద్దుతారు. అందుకే డిజైన్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ప్రింట్ అయితే వెనక వెలవెలబోతుంది. 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది ఆ చేతిపనికే. ప్రింట్‌ని ప్రింట్ అని చెప్పి అమ్మడానికి నాకేం అభ్యంతరం లేదు. నేతన్నల పేరు పెట్టి అమ్మమంటే మాత్రం నా వల్ల కాదు.

రెండో షాపు కావాలి, గట్టిగా కావాలి. ఆ ఆశ తప్పని ఎవరన్నా ఒప్పుకోను. షాపు పెరిగితేనే కదా మగ్గాలకి ఎక్కువ పని ఇవ్వగలిగేది! ఈ ఆర్డర్ తీసుకుంటే షాపు పెరుగుతుంది, మగ్గానికి మాత్రం పని రాదు.

దసరాలోపు అసలైనవి అరవై ఇవ్వగలను, మిగతావాళ్లకి ఇక్కత్ దుపట్టాలు చూడండి అన్నాను. రేపు చెప్తామన్నారు. అడ్వాన్స్‌కి ఇంకో నెల గడువు అడిగాను.