రూట్ పార్టిషన్‌కి ఈఎక్స్‌టీ4 పెట్టాను
నిన్న రాత్రి పాత డెస్క్‌టాప్‌లో లినక్స్ మళ్లీ వేసుకుంటూ రూట్ పార్టిషన్ (సిస్టమ్ ఫైళ్లు ఉండే డిస్క్ భాగం) దగ్గర చాలాసేపు ఆగిపోయాను. దానికి ఏ ఫైల్‌సిస్టమ్ పెట్టాలి, అంటే డిస్క్ మీద ఫైళ్లను అమర్చే ఏ పద్ధతి: ఎక్స్‌ఎఫ్‌ఎస్సా, ఈఎక్స్‌టీ4ఆ? ఎక్స్‌ఎఫ్‌ఎస్ మీద నాకు గౌరవమే. కానీ దాని సైజు పెంచుకోవడం తేలిక, తగ్గించుకోవడం దాదాపు కుదరదు. నాది 40 జీబీ రూట్, రేపు హోమ్‌కి (నా సొంత ఫైళ్లు ఉండే భాగానికి) చోటు చాలకపోతే? ఈఎక్స్‌టీ4 అయితే అన్‌మౌంట్ చేసి (వాడకంలోంచి తప్పించి) తగ్గించుకోవచ్చు.

అసలు కారణం ఇంకా పాతది. 2000లో మా ఇంట్లో యూపీఎస్ లేదు, డిస్క్ మీద ఈఎక్స్‌టీ4కి పాత తరమైన ఈఎక్స్‌టీ2. కరెంటు పోయి వస్తే డిస్క్ మొత్తం చెక్ చేసేది. ఆ శాతం అంకె కదిలేదాకా ఎంత టెన్షనో! 2001లో ఈఎక్స్‌టీ3 లినక్స్ కెర్నల్‌లోకి (దాని మూల భాగంలోకి) వచ్చాక ఆ బాధ తీరింది. చేయబోయే మార్పును ముందు చిట్టాలో (జర్నల్‌లో) రాసుకుని, తర్వాతే అసలు చోట వేస్తుంది. తేడా వస్తే ఆ చిట్టా చూసుకుంటే చాలు. ఈఎక్స్‌టీ4దీ అదే పద్ధతి.

అయితే మామూలు సెట్టింగ్‌లో చిట్టాకెక్కేది ఫైళ్ల వివరాలే, లోపలి డేటా కాదు. చివరి కొన్ని సెకన్ల రాత పోవచ్చు. కాబట్టి బ్యాకప్ తీయడం మాత్రం మానను.

ఇవాళ పొద్దున్నే కరెంటు పోయింది. మళ్లీ ఆన్ చేస్తే నల్లటి స్క్రీన్ మీద 'రికవరింగ్ జర్నల్' అని ఒక్క లైను, ఆ వెంటనే లాగిన్.